నాలుగో సభ్యుడు

మా జిల్లా చక్రసహాయ మండలిలో మూడు అనే అంకెను నిషేధించిన రోజు నాకు బాగా గుర్తుంది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం జావయిపోయింది. కుక్కరును మూడు కూతలకు దించరాదనీ, నాలుగో కూత కూసేదాకా ఆగి తీరాలనీ వంటామెకు మెమో వెళ్ళింది. ఆ మెమో టైపు చేసింది నేనే. ఆ జావ తిన్నదీ నేనే.

మా మండలి సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. కాళ్ళు లేనివాళ్ళకూ, ఉన్నా నడవలేనివాళ్ళకూ మోటారు బిగించిన మూడు చక్రాల బండ్లు ఇవ్వడం మా పని. ఇంకో పని లేదు. ఈ ఒక్క పనినీ పద్దెనిమిదేళ్ళుగా ఏమాత్రం తొందరపడకుండా చేస్తున్నాం. నేనక్కడ సీనియర్ గుమస్తాను. అర్జీ తీసుకోవడం, దానికి నంబరు వేయడం, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టడం నా విధులు. అరచేతిలో పట్టే నున్నని నల్లరాయి అది. నాకు ముందున్న గుమస్తా రిటైరవుతూ తాళాలతో పాటు అప్పగించి వెళ్ళాడు.

ఇక నిషేధం ఎలా వచ్చిందంటే, మండలికి సొంత భవనం అడగడానికి మా కార్యదర్శి పరాంకుశం గారు, ఇంజనీరు బాషా గారు, నేను కలిసి రాజధానికి వెళ్ళాం. సగం దారిలో టైరు పేలింది. స్టెప్నీ తీసి చూస్తే అందులో గాలి లేదు. ఎండలో నిలబడి నిలబడి సాయంత్రానికి చేరేసరికి పెద్ద అధికారి గారు వారం రోజులు సెలవు పెట్టి వెళ్ళిపోయారు. ఉత్త చేతులతో తిరిగొచ్చాం. ఇంటి దగ్గర పరాంకుశం గారి అత్తగారు ఈ కథంతా విని ఒక్కటే అడిగిందట.

"ముగ్గురు బయల్దేరితే పనెలా అవుతుంది నాయనా? మా పుట్టింట్లో ముగ్గురు వెళ్ళక తప్పకపోతే ఓ రాయి తీసి జేబులో వేసుకునేవారు. అది నాలుగో మనిషి లెక్క."

స్టెప్నీలో గాలి నింపించాల్సింది ఎవరు అనే ప్రశ్న ఆ మాటతో శాశ్వతంగా మూతపడింది. మర్నాడు పరాంకుశం గారు ఆఫీసుకు వచ్చినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. తన తప్పు లేదని తెలిసిన మనిషి ముఖం అలాగే ఉంటుంది.

అయితే ప్రభుత్వ కార్యాలయం అత్తగారి మాట మీద నడవకూడదు కాబట్టి, సంఖ్యాశాస్త్రంలో దిట్ట అని పేరున్న భద్రయ్య గారిని పిలిపించి నివేదిక అడిగారు. ఆయన వచ్చి నా బల్ల ముందు కూర్చుని చెబుతుంటే నేను రాసుకున్నాను. త్రిమూర్తులు, త్రిశూలం, త్రివేణి, ముక్కంటి, పెళ్ళిలో మూడు ముళ్ళు. పేజీ నిండా మూడు గొప్పతనమే ఉంది. నాకు అనుమానం వచ్చింది.

"అయితే మూడు మంచిదే కదండీ?" అన్నాను.

"మంచిదే. మరీ మంచిది. అందుకే మనకు పనికిరాదు. దైవానికి ప్రీతికరమైన సంఖ్యను మానవుడు ఆఫీసు పనులకు వాడటం అపచారం. విస్తట్లో మూడు గారెలు వడ్డించడం ఎక్కడైనా చూశారా? పెళ్ళిమాటలకు ముగ్గురు వెళ్ళడం చూశారా?"

నిజమే, చూడలేదు. "మూడు దేవతలకు శుభము, సంక్షేమ పథకములకు అశుభము" అని నివేదిక ముగించి సంతకం చేసి, కాఫీ తాగి వెళ్ళారు. పరాంకుశం గారు రెండో కప్పు కూడా తెప్పించి, మూడోది అడగకముందే ఆయన్ను సాగనంపారు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "మండలి పరిధిలోని ఏ కార్యమునందైనను ముగ్గురు వ్యక్తులు గాని, మూడు వస్తువులు గాని, మూడు పర్యాయములు గాని సంభవింపకుండ తగు చర్యలు గైకొనవలెను. ముగ్గురు అనివార్యమైన చోట నాలుగవ సభ్యునిగా ఒక శిలను నియమించవలెను." ఆ ఏడాది అది మూడో సర్క్యులర్. నాలుగు అని నంబరు వేశాం. మూడోది ఏదని ఆడిట్ వాళ్ళు ఇప్పటికీ మా బీరువాలు వెతుకుతున్నారు.

ఆ పక్షం రోజులూ మా ఆఫీసు పనిచేసినంతగా నా సర్వీసులో ఎన్నడూ చేయలేదు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు వరకు పని చేయరాదని సిబ్బంది సంఘం కోరితే అడిగిన రోజే ఒప్పుకున్నారు. ఇక గుమ్మానికి ఉన్నవి మూడు మెట్లు. వాటి పక్కన చక్రాల కుర్చీ ఎక్కడానికి ఏటవాలు దారి కట్టమని పద్దెనిమిదేళ్ళుగా అర్జీలు వస్తూనే ఉన్నాయి, మేం రాయి పెడుతూనే ఉన్నాం. నాలుగో మెట్టు మాత్రం రెండు రోజుల్లో లేచింది. మిగిలిన కంకర గుమ్మం పక్కనే గుట్టగా ఉండిపోయింది.

బండ్ల అర్జీలు పరిశీలించే సంఘంలో డాక్టర్ ఫిలోమినా గారు, బాషా గారు, నేను, ముగ్గురం ఉండేవాళ్ళం. దానికి నాలుగో సభ్యుడిగా నా బల్ల మీది నల్లరాయినే వేశారు. అనుభవం ఉంది, అర్జీలతో పరిచయం ఉంది అని ఉత్తర్వుల్లో రాశారు. దానికో కుర్చీ, కుర్చీ మీదో దిండు, ముందు పేరు పలక. హాజరు పట్టీలో రోజూ దాని పేరు ఎదురుగా నేనే టిక్కు పెట్టేవాణ్ణి. మా అందరిలో ఒక్క ఆలస్యం మార్కు కూడా లేనిది దానికే.

సరిగ్గా ఆ రోజుల్లో కడలి నూకరాజు వచ్చాడు. చంకల కింద కర్రలతో నాలుగు మెట్లూ ఎక్కి, ఊపిరి పీల్చుకుని, నా బల్ల ముందు నిలబడ్డాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎడమ కాలు మోకాలి దగ్గర ఆగిపోయింది. చొక్కా జేబులో స్పానరు ఒకటి పైకి కనబడుతోంది.

"నమస్కారవండి. మాది చినగరువండి. కుక్కర్లూ గ్యాస్ పొయ్యిలూ బాగు చేత్తానండి. రెండేళ్ళ కితం నూర్పిడి మిషన్లో కాలు పోయిందండి. ఈ కర్రలెట్టుకుంటే సామాన్ల పెట్టి పట్టుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదండి. బండుంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగొచ్చేత్తాను. ఇప్పుడు మా ఆవిడ వరాలు కూలికెళ్తే తింటన్నాం."

అర్జీ తీసుకున్నాను. అలవాటుగా రాయి కోసం చెయ్యి చాపాను. రాయి సభ్యుడి కుర్చీలో ఉందని గుర్తొచ్చి, పేపర్లు గుచ్చే దబ్బనం వాడాను.

పరిశీలన సంఘం కూర్చుంది. డాక్టర్ గారు నూకరాజును చూసి అర నిమిషంలో తేల్చేశారు. "ఎడమ కాలు లేదు. బండి ఇవ్వండి."

"నా వైపు నుంచి అభ్యంతరం లేదు," అన్నారు బాషా గారు. నేనూ సరేనన్నాను. అందరం రాయి వైపు చూశాం. రాయి ఏమీ అనలేదు.

నిబంధనల ప్రకారం సభ్యులందరి అంగీకారం కావాలి. పరాంకుశం గారిని పిలిచాం. ఆయన రాయిని కాసేపు పరిశీలనగా చూశారు.

"సభ్యుని మౌనమును అంగీకారముగా భావించుటకు తొందరపడరాదు. ఏ లోపము గమనించియో మౌనము వహించి ఉండవచ్చును. లిఖితపూర్వక వివరణ కోరుతూ నోటీసు ఇవ్వండి. మూడు రోజుల గడువు కుదరదు గనుక నాలుగు రోజులు."

డాక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈయనకి కాలు లేదని రాయడానికి రాయి వివరణ దేనికండీ? నేను డాక్టర్నా, అది డాక్టరా?"

"మేడమ్, తమరు వైద్యకోణం నుంచి చూస్తున్నారు. మండలి సమగ్ర కోణం నుంచి చూడవలసి ఉంటుంది."

నూకరాజు మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి, చివరికి రాయిని చూశాడు. "నాలుగు రోజులాగి రమ్మంటారా అండి?" అని దాన్నే అడిగినట్టు అడిగి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత వివరణ రాలేదు. మళ్ళీ నోటీసు ఇచ్చాం. రెండో నోటీసుకూ జవాబు లేదు. మూడో నోటీసు ఇవ్వడం నిషిద్ధం కాబట్టి అంగీకరించినట్టే లెక్క అన్నారు పరాంకుశం గారు. రాయిని స్టాంపు సిరాలో ముంచి ఫైలు మీద అద్దాం. మా సంతకాలకంటే స్పష్టంగా పడింది.

బండి వచ్చింది. ఎర్రటి బండి, కొత్త సీటు, వెనక సామాన్ల పెట్టి పట్టేంత జాగా. వరాలు కూడా వచ్చింది. వచ్చీ రాగానే కొంగుతో సీటు తుడిచి, పక్కకు వెళ్ళి నిలబడింది. పరాంకుశం గారు రిబ్బను కత్తిరించడానికి కత్తెర చేతిలోకి తీసుకుని, బండి చుట్టూ ఓసారి తిరిగి, ఆగిపోయారు.

"బాషా గారూ, దీనికి చక్రములు ఎన్ని?"

బాషా గారు వంగి చక్రాలు లెక్కపెట్టారు. "రెండు కంటే ఎక్కువండి. నాలుగు కంటే తక్కువండి."

పద్దెనిమిదేళ్ళుగా మేం ఇస్తున్నవి మూడు చక్రాల బండ్లేనన్న సంగతి ఆ క్షణం దాకా మాలో ఎవరికీ తట్టలేదు. పరాంకుశం గారు కత్తెర నా చేతికి ఇచ్చేశారు. "శుభమా అని లబ్ధిదారుని జీవితము ప్రారంభించుచు, మనమే స్వయముగా త్రిచక్రమును అంటగట్టుటయా? ఆ పాపము మండలికి వద్దు."

"పాపవేం లేదండి," అన్నాడు నూకరాజు. "ఒక కాలు మీదే తిరుగుతన్నానండి నేను. మూడంటే నాకు చాలా ఎక్కువండి."

కానీ అప్పటికే వెల్డింగువాడికి కబురు వెళ్ళింది. పెరట్లో మూలపడి ఉన్న చెత్తబండి చక్రం ఊడదీసి, బండి ఎడమ వైపు ఇనుప కడ్డీతో అతికించారు. అది నేలకు జానెడు ఎత్తున గాలిలో వేలాడుతుంది. తిరగదు. ఎక్కేటప్పుడు మాత్రం మోకాలికి తగులుతుంది. రికార్డు పుస్తకంలో "చక్రములు: 4" అని నా చేత రాయించారు. రిబ్బను కత్తిరించారు. చప్పట్లు కొట్టాం. నూకరాజు బండి స్టార్టు చేసి, పెళ్ళాన్ని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. ఆ వెళ్ళడం చూస్తే నాకు నిజంగా సంతోషం కలిగింది. మేం చేసిన పని ఒకటి ఎట్టకేలకు ఒకరికి పనికొచ్చింది అనుకున్నాను.

రెండు నెలలు బాగానే తిరిగాడట. ఊరూరా కుక్కర్లకు వాషర్లు మార్చాడు, పొయ్యిలు తుడిచాడు. మా క్యాంటీన్ కుక్కరు కూడా వాడే బాగు చేశాడు. తర్వాత ఒకరోజు నాలుగు మెట్లెక్కి వచ్చి, నా బల్ల మీద ఇంకో అర్జీ పెట్టాడు.

"బియ్యం కార్డు తీసేశారండి. మీ పేరు మీద నాలుగు చక్రాల బండి కనపడతందన్నారు. కారున్నోళ్ళకి బియ్యం ఇవ్వరంట. నాకు కారేంటండి అంటే, కంప్యూటర్లో ఉంది, మేం తీయలేం, బండిచ్చినోళ్ళనే అడుక్కోమన్నారు. ఇంట్లో నలుగురం అండి. కార్డు బియ్యమే మాకు ఆధారం. రెండు నెలలు తిరిగి సంపాయించింది తిండి కాడే అయిపోతంది."

నేను రికార్డు తెరిచి చూశాను. "చక్రములు: 4". నా చేతిరాతే. నాకు సిగ్గేసింది. అది రాయడానికి ఫైల్లో కాలమ్ ఏదీ లేదు.

పరాంకుశం గారి గదిలోకి తీసుకెళ్ళాను. ఆయన సానుభూతిగా విన్నారు. "చాలా విచారకరము. అయితే నాలుగవ చక్రము తొలగించుట అసాధ్యము. తొలగించిన మరుక్షణము అది మూడగును."

నూకరాజు తలుపులోంచి పరిశీలన సంఘం గదిలోకి చూశాడు. దిండు మీద రాయి కూర్చుని ఉంది.

"నాకు తెలీక అడుగుతానండి. మీరు ముగ్గురున్నారు. ఆ రాయెట్టుకుంటే నలుగురయ్యారు గదండి?"

"నిస్సందేహముగా."

"అయితే నా బండికి ఆ చక్రం తీసేత్తానండి. బదులుగా ఆ రాయి ఇప్పించండి. సీటు కింద ఎట్టుకు తిరుగుతాను. మీ లెక్కకి నాలుగవుద్ది. కంప్యూటరు లెక్కకి మూడే ఉంటాయి. రాయికి చక్రాల్లేవు గదండి."

ఇన్నేళ్ళ నా సర్వీసులో ఆ ఆఫీసులో అంత తెలివైన మాట వినలేదు. పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నూకరాజు భుజం తట్టారు. "మండలి ఆశయమును లబ్ధిదారుడే ఆకళింపు చేసుకొనెను. ఉత్తర్వులు టైపు చేయండి. నాలుగవ సభ్యుని నూకరాజు గారి వాహనమునకు డిప్యుటేషన్‌పై పంపుచున్నాము."

నూకరాజు గుమ్మం ముందు కూర్చుని జేబులో స్పానరు తీశాడు. కడ్డీ బోల్టులు విప్పి, చెత్తబండి చక్రాన్ని మాకు అప్పగించాడు. నేను రసీదు ఇచ్చాను. రాయికి వీడ్కోలు సభ జరిగింది. దండ వేశారు. నూకరాజు దాన్ని దండతో సహా సీటు కింద పెట్టుకున్నాడు.

"ఇంక ఆ పుస్తకంలో నాలుగు కొట్టేసి మూడు రాయండి. ఆ కాయితం పట్టుకెళ్తే కార్డు తిరిగిచ్చేత్తారంట."

పెన్ను తీశాను. అప్పుడు గుర్తొచ్చింది. చక్రాల సంఖ్య మార్చాలంటే పరిశీలన సంఘం కూర్చుని తీర్మానించాలి. సంఘంలో ఇప్పుడు డాక్టర్ గారు, బాషా గారు, నేను. ముగ్గురం.

పరాంకుశం గారు సర్క్యులర్ చదివి చెప్పారు. ముగ్గురితో సమావేశం జరపరాదు.

"రాయి బండిలోనే ఉంది గదండి. తెచ్చి కుర్చీలో ఎడతాను. మీ పనయ్యాక తీసుకెళ్ళిపోతాను."

"డిప్యుటేషన్‌పై ఉన్న సభ్యుడు మాతృసంస్థ సమావేశములో పాల్గొనుట నిబంధనలకు విరుద్ధము. పైగా, అది లోపలికి వచ్చినంతసేపు బయట మీ వాహనము మూడుగా ఉండిపోవును."

"పోనీ ఇద్దరు కూర్చోండి," అన్నారు అప్పుడే వచ్చిన డాక్టర్ ఫిలోమినా గారు. "నేను లేచిపోతాను. ఇద్దరైతే మంచిదే కదా మీ శాస్త్రానికి?"

ఇద్దరితో కోరం చాలదు. ఆవిడకు నేనే నెమ్మదిగా చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగారు.

"నాలుగు కొట్టేసి మూడు వేయడానికి మీ చేతికి ఎంతసేపు పడుతుంది?"

"క్షణం పట్టదు మేడమ్."

"మరి?"

నేను పెన్నుకు మూత పెట్టేశాను. పరాంకుశం గారు గదిలోనే ఉన్నారు. నాకు ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది.

నూకరాజు బయటకు వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నాలుగో మెట్టు కట్టగా మిగిలిన కంకర గుట్ట దగ్గర ఆగాడు. ఒక కర్రను గోడకు ఆనించి, రెండో కర్ర మీద బరువు వేసి, మెల్లగా వంగాడు. సాయం వెళ్దామని కుర్చీలోంచి సగం లేచాను. ఏ హోదాలో వెళ్తున్నానో తోచక మళ్ళీ కూర్చున్నాను. వాడు ఓ రాయి ఏరుకుని, చొక్కాకు తుడిచి, నాలుగు మెట్లూ ఎక్కి వచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"ఇది సరిపోదాండి? అది రాయే, ఇది రాయే."

పరాంకుశం గారు ఆ రాయిని చేత్తో తాకలేదు గానీ, మర్యాదగానే చూశారు. "అర్హత విషయములో సందేహము లేదు. కాని కొత్త నియామకములపై పైనుండి నిషేధము ఉన్నది. నిషేధము ఎత్తివేసిన పిమ్మట పరిశీలింపబడును."

"ఎప్పుడెత్తేత్తారండి?"

"అది మన చేతిలో లేదు."

నూకరాజు కర్రలు సర్దుకుని బయటికి నడిచాడు. వరాలు మెట్ల కింద బండి పక్కన నిలబడి ఉంది. లోపల ఏం జరిగిందో వాడి ముఖం చూసే ఆమెకు తెలిసిపోయింది. ఇద్దరూ బండెక్కి వెళ్ళిపోయారు. సీటు కింద దండ వాడిపోయి వేలాడుతోంది.

నేను పని వాయిదా వేసే మనిషిని కాను. ఆ సాయంత్రమే నూకరాజు అర్జీకి నంబరు వేశాను. వాడు తెచ్చిన రాయికీ వేరే నంబరు వేసి, నియామకం పెండింగు అని తపాలా పుస్తకంలో రాశాను. ఫ్యాను తిరుగుతోంది. అర్జీ ఎగిరిపోయేలా ఉంది. నా పాత రాయి డిప్యుటేషన్ మీద వెళ్ళిపోయింది కదా, నూకరాజు తెచ్చిన రాయినే తీసి నూకరాజు అర్జీ మీద పెట్టాను.

నాలుగు నెలలైంది. కాయితం కదల్లేదు.